రెండు స్వరాలు వినగానే ఎవరు వాయించారో చెప్పేస్తారట, నిజమేనా?

సగం_గిటారిస్టు
నిన్న రాత్రి మా బావమరిది నా పరువు తీశాడు. భోజనాలయ్యాక ఫోనులో ఒక పాట పెట్టి “ఎవరు వాయించారో చెప్పు బావా” అన్నాడు. క్లాప్టన్ అన్నాను, అదీ ధీమాగా. పీటర్ గ్రీన్ అట. ఇంకొకటి పెట్టాడు. జిమ్మీ పేజ్ అన్నాను. జెఫ్ బెక్ అట. అంతవరకు టీవీ చూస్తున్న మా ఆవిడ కూడా ఇటు తిరిగి నవ్వింది.

“రెండు స్వరాలు చాలు, చెయ్యి తెలిసిపోతుంది” అంటాడు వాడు. నాలుగేళ్ళుగా గిటార్ నేర్చుకుంటున్నాను. నాకు మాత్రం 1960ల నాటి ఇంగ్లండు రాక్ గిటారిస్టులంతా ఒకే గురువు ముందు కూర్చుని నేర్చుకున్నట్టు వినిపిస్తారు. అందరిదీ అదే ఐదు స్వరాల పెంటటానిక్, అదే బ్లూస్. నిజంగా తేడా తెలుస్తుందా, లేక పేరు ముందే చూసుకుని గొప్పలు పోతారా? తెలిసేట్టయితే ఏమి వినాలో చెప్పండి. ఎవరు గొప్ప అన్న గొడవ మాత్రం వద్దు.

పాతక్యాసెట్
గొడవ వద్దంటూ గిటార్ చర్చ మొదలుపెట్టిన మనిషిని మొదటిసారి చూస్తున్నాను. పింక్ ఫ్లాయిడ్ బృందపు డేవిడ్ గిల్మోర్ గొప్ప. ఇక కానివ్వండి.

తాళం_తప్పదు
ఒకే గురువు అన్న మాటలో నిజముంది. క్లాప్టన్, బెక్, పేజ్ ముగ్గురూ లండన్ పక్కనున్న సర్రే ప్రాంతపు పిల్లలు. ఒకరిది రిప్లీ, ఒకరిది వాలింగ్టన్, ఒకరు ఎప్సమ్‌లో పెరిగారు. ముగ్గురూ యార్డ్‌బర్డ్స్ బృందంలోనే వాయించారు. 1965లో క్లాప్టన్ వదిలేసినప్పుడు పేజ్‌ను పిలిచారు. ఆయనకు స్టూడియో పని చేతినిండా ఉండి, తన స్నేహితుడు బెక్ పేరు చెప్పాడు. మరుసటి ఏడు తనే వచ్చి చేరాడు, అదీ మొదట బేస్ వాయించడానికి. ఇక గురువులంటారా, అమెరికా నుంచి ఓడలెక్కి వచ్చిన బ్లూస్ రికార్డులు. ఒకే బడి, ఒకే వాచకం. దస్తూరీ మాత్రం ఎవరిది వారిదే. మీరు అక్షరాలు చదువుతున్నారు, మీ బావమరిది దస్తూరీ చూస్తున్నాడు.

వీణమెట్టు
నేను గిటార్ వాయించను. పదకొండేళ్ళు వీణ నేర్చుకున్నాను. రాక్ సంగీతం నాకు మా అన్నయ్య గది గోడ అవతలి నుంచి వచ్చింది, వద్దన్నా వచ్చింది. అందుకని నేను స్వరాన్ని కాదు, స్వరానికీ స్వరానికీ నడుమ ఏమి జరిగిందో వింటాను. వీణ మీద, మెట్టు మీదున్న తీగను పక్కకు లాగితే పై స్వరం పలుకుతుంది. మీరు బెండ్ అనేదీ అదే. ఆ లాగడంలోనే మనిషి దొరికిపోతాడు.

గిల్మోర్‌ను తీసుకోండి. 1979 నాటి “కంఫర్టబ్లీ నమ్” చివరి సోలో పెట్టుకుని కళ్ళు మూసుకోండి. తీగను తొందర లేకుండా లాగుతాడు. పై స్వరం అందగానే అక్కడ కాసేపు కదలకుండా నిలబెడతాడు. కంపనం ఆ తర్వాతే మొదలవుతుంది, అదీ నింపాదిగా. మా మేష్టారైతే “ముందు స్థానం దొరకనీ, తర్వాత ఊపు” అనేవారు. గిల్మోర్ ఆ మాట విన్నట్టే వాయిస్తాడు.

క్లాప్టన్ అలా ఆగడు. స్వరంతో పాటే ఊపు మొదలు. వీడియోలో ఎడమ చెయ్యి చూడండి. బొటనవేలు గిటార్ మెడను వదిలేస్తుంది, చెయ్యంతా ఒక్క వేలికొన మీద ఊగుతుంది. ఆ కంపనం సన్నగా, సమంగా ఉంటుంది. వాక్యాలు కూడా పూర్తి వాక్యాలు: కర్త, కర్మ, క్రియ, చుక్క.

పీటర్ గ్రీన్ దగ్గర మీరు పొరబడటం సహజం. 1966లో జాన్ మేయల్ బృందంలో క్లాప్టన్ ఖాళీ చేసిన కుర్చీలోకే ఆయన వచ్చాడు. కానీ గ్రీన్ చుక్క పెట్టడు. చెప్పబోయి ఆగిపోయిన మనిషిలా మధ్యలో మౌనం వదులుతాడు. ఆ ఖాళీ వినబడితే గ్రీన్ అనుకోండి.

బెక్‌ది వేరే లోకం. తర్వాత రాస్తాను, పొయ్యి మీద పాలున్నాయి.

పాతక్యాసెట్
ఈ వేదికలో ఇన్నేళ్ళుగా ఉన్నాను. కర్త, కర్మ, క్రియతో క్లాప్టన్‌ను ఎవరూ విప్పి చెప్పలేదు. పాలు పొంగకుండా ఉండాలని కోరుకుంటున్నాను.

పెడల్_పిచ్చివాడు
వేళ్ళ మీద కవిత్వం బాగుంది. సామాను సంగతి ఎవరూ ఎత్తరేమి? 1966లో జాన్ మేయల్‌తో చేసిన ఆల్బమ్‌లో క్లాప్టన్ శబ్దమంటే లెస్ పాల్ గిటార్, మార్షల్ యాంప్, ఆ యాంప్‌ను స్టూడియోలో కూడా వేదిక మీద పెట్టినంత బిగ్గరగా పెట్టడం. గ్రీన్ గిటార్‌లో మెడ వైపు పికప్‌లో, అంటే తీగ కదలికను పట్టే ముక్కలో, అయస్కాంతం తిరగబడి ఉండేది. రెండు పికప్‌లూ కలిపి పెడితే ముక్కుతో పాడినట్టు, లోపల బోలుగా ఉన్నట్టు ఒక శబ్దం వస్తుంది. వీణమెట్టు గారు విన్న ఆ విషాదంలో సగం ఆ అయస్కాంతానిదే. గిల్మోర్ స్వరాన్ని సాగదీసే బిగ్ మఫ్ పెడల్ తీసేస్తే ఆ నిలబెట్టిన స్వరం రెండు క్షణాల్లో చచ్చిపోతుంది. ఆ సామాను నాకివ్వండి, నేనూ నిలబెడతాను.

సగం_గిటారిస్టు
నా దగ్గర బిగ్ మఫ్ ఉంది. గిల్మోర్ రాలేదు. పక్కింటివాళ్ళు వచ్చారు.

తాళం_తప్పదు
ఆడలేక మద్దెల ఓడు అనేవాళ్ళను చూశాను. మద్దెల మంచిదైతే ఆట వచ్చేస్తుందనే మనిషి పెడల్ గారొక్కరే.

నల్లరేగడి
ఆ గ్రీన్ గిటార్ సంగతే చూడండి. ఆయన తర్వాత అది బెల్‌ఫాస్ట్‌కు చెందిన గ్యారీ మూర్ చేతికి వచ్చింది. ఇప్పుడు మెటాలికా బృందపు కర్క్ హామెట్ దగ్గర ఉంది. అదే చెక్క, అదే తిరగబడ్డ అయస్కాంతం. గ్యారీ మూర్ ఆ గిటార్‌ను ఏడిపించాడు, అరిపించాడు, ఊపిరాడని వేగంతో పరుగెత్తించాడు. గ్రీన్ మౌనం మాత్రం దానితో పాటు రాలేదు. అయస్కాంతంలో ఉండుంటే వచ్చేది కదా.

పెడల్_పిచ్చివాడు
యాంపులు వేరు.

నల్లరేగడి
ఈ జవాబు వస్తుందని తెలుసు.

బర్మింగ్‌హామ్_బుజ్జి
వేళ్ళా, సామానా అని కొట్టుకుంటున్నారు కాబట్టి మా ఊరి మనిషి కథ చెప్పాలి. టోనీ అయోమీ పదిహేడేళ్ళ వయసులో ఇక్కడ ఒక రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఉద్యోగం మానేసి సంగీతంలోకి వెళ్ళాలనుకున్న ఆఖరి రోజున యంత్రం కింద కుడిచేతి నడిమి వేలు, ఉంగరపు వేలు కొనలు తెగిపోయాయి. ఆయన ఎడమచేతి వాటం, అంటే మెట్ల మీద తీగలు నొక్కే చెయ్యి అదే. ఇక వాయించలేననుకున్న దశలో ఫ్యాక్టరీ ఫోర్‌మన్ ఒక జాంగో రైన్‌హార్ట్ రికార్డు తెచ్చి వినిపించాడు. రైన్‌హార్ట్ రెండు వేళ్ళతోనే సోలోలు వాయించేవాడు.

అప్పుడు అయోమీ గిన్నెలు తోమే ద్రవం సీసా ప్లాస్టిక్‌ను కరిగించి, వేలికొనలకు తొడుగులు చేసుకుని, పైన తోలు అతికించుకున్నాడు. తొడుగు కింద తీగ స్పర్శ తెలియదు. మామూలు తీగలు నొక్కితే నొప్పి. అందుకని బాంజో తీగలంత సన్నవి వేసుకున్నాడు. తన బృందం బ్లాక్ సబ్బత్ 1971 నాటి మూడో ఆల్బమ్‌కు వచ్చేసరికి కొన్ని పాటల్లో శ్రుతిని మూడు మెట్లు దించేశాడు. తీగ వదులైతే లాగడం తేలిక, పైగా శబ్దం బండరాయిలా కిందికి దిగుతుంది. హెవీ మెటల్ అని తర్వాత అందరూ పట్టుకున్నది ఆ బరువునే.

చెప్పండి పెడల్ గారూ, ఇది వేలా, సామానా? బ్రాడ్ స్ట్రీట్‌లో కాలువ వంతెన మీద ఆ బృందం నలుగురి బొమ్మలున్న బెంచీ ఒకటి ఉంది. ఆఫీసుకు వెళ్ళేటప్పుడు దాటే దారే. 2025 జూలైలో వాళ్ళ గాయకుడు ఆజీ పోయిన వారం ఆ బెంచీ పూలలో మునిగిపోయింది. నేను కూడా ఒక పువ్వు పెట్టి, పది నిమిషాలు ఆలస్యంగా వెళ్ళాను.

పెడల్_పిచ్చివాడు
వేలే సామానైపోయిన కేసు. దీనికి నా దగ్గర జవాబు లేదు, ఒక ఓటు మీకే.

కొత్తచెవి
హెండ్రిక్స్‌ను ఎవరూ తలచుకోలేదేమి?

తాళం_తప్పదు
ఆయన సియాటిల్ మనిషి. 1966లో లండన్ వచ్చి ఇక్కడివాళ్ళందరికీ నిద్ర లేకుండా చేసిన మాట నిజమే. అతిథుల జాబితాలో వేసుకుందాం.

కొత్తచెవి
సరే, రోరీ గాలహర్? యూటూ బృందం ఎడ్జ్?

తాళం_తప్పదు
రోరీ ఐర్లండు మనిషి, బ్రిటన్ కాదు. ఎడ్జ్ పెరిగింది డబ్లిన్ దగ్గరే గానీ పుట్టింది ఇంగ్లండులోని బార్కింగ్‌లో, తల్లిదండ్రులది వేల్స్. ఆయన్ను ఎటు వెయ్యాలో గ్రామ రెవెన్యూ అధికారిని అడగాలి.

పాతక్యాసెట్
ఇంతవరకు పేజ్‌ను ఎవరూ తిట్టలేదు. ఆ బాధ్యత నాది. కచేరీ రికార్డులు వినండి, సగం స్వరాలు జారిపోతుంటాయి. వేళ్ళు మెట్లు దిగుతున్నాయా, మెట్ల మీద నుంచి పడుతున్నాయా తెలియదు. గిల్మోర్ ఒక్క స్వరం అలా పారేసుకోడు.

తాళం_తప్పదు
పారేసుకోడు సరే. “కంఫర్టబ్లీ నమ్” సోలోను ఐదారు సార్లు వాయించి, వాటిలో మంచి ముక్కలు ఏరి అతికించారు. మీరు చెబుతున్న తప్పులేని గిల్మోర్‌లో కత్తెర పని కూడా ఉంది. తప్పని అనను, అదీ పనితనమే. కానీ స్టూడియో గిల్మోర్‌ను తెచ్చి వేదిక మీది పేజ్ పక్కన నిలబెట్టడం తూకంలో మోసం.

పేజ్‌ను సోలోలతో కొలవకండి. పాట ఎక్కడ మొదలై ఎక్కడికి ఎక్కుతుందో చూడండి. ఆయన మేస్త్రీ కాదు, ఇంటి నక్షా గీసే మనిషి. వయొలిన్ కమానును గిటార్ తీగల మీద లాగుతాడు. తీగల శ్రుతులు మార్చి, అవతలి పాటకు వేరే గిటార్ ఎత్తుకుంటాడు. 1975 నాటి “కశ్మీర్” వినండి, కింద తాళం ఒక లెక్కలో, పైన గిటార్ వేరే లెక్కలో నడిచి ఎక్కడో కలుస్తాయి. మన మృదంగం వాళ్ళకు ఇది కొత్త కాదు గానీ రాక్ వాళ్ళకు కొత్తే. తన బృందం లెడ్ జెప్లిన్ మొదటి ఆల్బమ్‌లోనే ఒక పాటకు తబలా పెట్టించాడు. 1972లో తమ గాయకుడు ప్లాంట్‌ను వెంటబెట్టుకుని బొంబాయి వచ్చి, అక్కడి వాద్యగాళ్ళతో రెండు పాటలు రికార్డు చేశాడు. “స్టెయిర్‌వే టు హెవెన్” సోలో వాయించింది కూడా అందరూ అనుకునే లెస్ పాల్ మీద కాదు, టెలీకాస్టర్ మీద. ఇది పెడల్ గారికి కానుక.

పెడల్_పిచ్చివాడు
తెలుసు. ఆ టెలీకాస్టర్ ఇచ్చింది బెక్. కానుకకు కానుక.

అర్ధరూపాయి
క్వీన్ బృందపు బ్రయన్ మే గురించి నా గోడు వినండి. ఆయన పిక్ బదులు ఆరు పెన్నీల నాణెం వాడతాడని చదివి, మా తాతగారి డబ్బాలోంచి పాత పెద్ద రూపాయి బిళ్ళ తీసి మొదలుపెట్టాను. అంచు గళ్ళు తీగకు రాసుకుని, మీటే ముందు “కర్” మని చిన్న గరుకు శబ్దం వస్తుంది. అచ్చంగా క్వీన్ పాటల్లో వినబడే గరుకే! రెండు నిమిషాలు స్వర్గం. మూడో నిమిషంలో సన్న తీగ తెగి చెవి పక్కనుంచి పోయింది. మా నాన్నగారు “రూపాయితో వాయిస్తే వెయ్యి రూపాయల తీగలు” అన్నారు. అంత ఉండదు గానీ, చెప్పినా వినరు.

నల్లరేగడి
ఆయన గిటారే ఇంట్లో చేసింది. 1963లో తండ్రితో కలిసి మొదలుపెట్టాడు. మెడకు పాత పొయ్యి గూటి చెక్క, స్వరాన్ని వంచే ట్రెమొలో కడ్డీకి మోటారు సైకిల్ వాల్వ్ స్ప్రింగులు, మెట్ల గుర్తులకు అమ్మ బొత్తాలు. అదే గిటార్ ఈనాటికీ వాయిస్తున్నాడు. గుర్తుపట్టడం చాలా తేలిక: ఒక్క గిటార్ కాకుండా గిటార్ల బృందగానం వినిపిస్తే అది మే. ఒకదాని మీద ఒకటి రికార్డు చేసి మూడు నాలుగు గొంతులు చేస్తాడు. మధ్యలో వెళ్ళి 2007లో ఖగోళ భౌతికశాస్త్రంలో డాక్టరేటు కూడా పూర్తి చేసుకొచ్చాడు.

అర్ధరూపాయి
ఇది మా నాన్నగారికి చూపించాలి. డాక్టరేటు వాక్యం ఒక్కటే.

కొత్తచెవి
డయర్ స్ట్రెయిట్స్ బృందపు మార్క్ నాప్‌ఫ్లర్?

రాత్రిబడి
పిక్ లేదు. బొటనవేలు, పక్కన రెండు వేళ్ళు, అంతే. 1978 నాటి “సుల్తాన్స్ ఆఫ్ స్వింగ్”లో పెడల్ గారి డబ్బాలేవీ అక్కరలేని పొడి శబ్దం. స్వరం చివర చిన్న టక్కు వినిపిస్తుంది, తీగను వేలు లాగి వదిలినప్పటిది. పుట్టుకతో ఎడమచేతి వాటం, వాయించేది మాత్రం కుడిచేతి పద్ధతిలో. బలమున్న చెయ్యి మెట్ల మీద ఉందన్నమాట. సంగీతానికి ముందు పత్రికా విలేకరిగా చేశాడు. ఇచ్చిన జాగాలోనే వార్త ముగించడం ఆ అలవాటేనేమో.

తాళం_తప్పదు
అందరూ సోలోల మీదే పడ్డారు. పాటను మోసేవాళ్ళ మాటేమిటి? కీత్ రిచర్డ్స్ తీగలను జి శ్రుతికి దించి, ఆరో తీగను పీకి పారేశాడు. 1960ల చివరి నుంచి రోలింగ్ స్టోన్స్ బండి ఎక్కువగా ఆ ఐదు తీగలతోనే నడుస్తోంది. ది హూ బృందపు టౌన్షెండ్‌కు సోలో అక్కరలేదు, ఒక్క దెబ్బ చాలు. రెండు స్వరాల పరీక్ష పెడితే వీళ్ళిద్దరినీ ఒకే ఒక్క కార్డ్‌తో, అంటే కలిపి మోగించిన స్వరాలతో, పట్టేయవచ్చు.

వీణమెట్టు
పాలు పొంగలేదు, మాడాయి. ఇంతమంది వచ్చేశారా ఈలోగా!

ఇక బెక్ మాట. 1980ల నుంచి ఆయన పిక్ మానేశాడు. బొటనవేలు మీటుతుంది, చిటికెన వేలు శబ్దం పెంచే బొత్తాం మీద ఉంటుంది, ట్రెమొలో కడ్డీ అరచేతి కింద. శబ్దం మూసి మీటి, తర్వాత మెల్లగా తెరుస్తాడు. అప్పుడు మీటిన దెబ్బ వినపడదు, స్వరం గొంతులోంచి పుట్టినట్టు వస్తుంది. తీగవాద్యంలో మీటును దాచడం ఎంత కష్టమో మాకు తెలుసు. కడ్డీతో స్వరాన్ని కింది నుంచి జార్చి తెస్తాడు. అది మన జారు గమకమే, లాగిన తీగతో కాకుండా వంతెనను కదిలించి.

2001లో ఆయన “నాదియా” అని ఒకటి వాయించాడు. బ్రిటన్‌లోని భారతీయ సంతతి సంగీతకారుడు నితిన్ సాహ్నీ పాట అది. గాయని గొంతులోని సన్న మెలికలన్నీ ఆ కడ్డీ మీద పలికించాడు. మొదటిసారి విన్నప్పుడు నేను వెనక్కి పెట్టి పెట్టి విన్నాను. కొన్ని చోట్ల అనుస్వరాలు తప్పిపోతాయి, అబద్ధం చెప్పను. అయినా ఏ రాక్ గిటారిస్టూ గమకానికి అంత దగ్గరగా రాలేదని నా అభిప్రాయం.

రాత్రిబడి
ఆయనకు ఆ సరదా పాతదే. 1965లో యార్డ్‌బర్డ్స్ “హార్ట్ ఫుల్ ఆఫ్ సోల్” పాటకు సితార్ వాద్యగాణ్ణి పిలిపించి రికార్డు చేశారు. అది కుదరక, బెక్ అదే వరసను శబ్దాన్ని గరగరలాడించే ఫజ్ పెడల్ పెట్టిన గిటార్ మీద వాయించాడు. విడుదలైంది అదే.

నల్లరేగడి
గమకానికి దగ్గరగా వచ్చింది బెక్ అంటే ఒప్పుకోను. జాన్ మెక్‌లాఫ్లిన్ ఎక్కడికి పోయాడు? 1942లో యార్క్‌షైర్‌లోని డాంకాస్టర్‌లో పుట్టిన శుద్ధ బ్రిటిష్ మనిషి. శక్తి బృందంలో ఎల్. శంకర్, జాకిర్ హుసేన్, విక్కు వినాయకరామ్‌ల మధ్య కూర్చుని వాయించాడు. ఆ గిటార్‌కు మోగే అడ్డ తీగలు పెట్టించుకున్నాడు, మెట్ల మధ్య చెక్కను గుంటలుగా తొలిపించుకున్నాడు. తర్వాత అదే బృందంలో మన పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్ పక్కన కూర్చున్నాడు.

పాతక్యాసెట్
ఆయన రాక్ కాదు, జాజ్.

నల్లరేగడి
1970ల మొదట్లో మహావిష్ణు ఆర్కెస్ట్రాతో ఆయన పెట్టిన శబ్దం వింటే మీ రాక్ వాళ్ళు చెవుల్లో దూది పెట్టుకుంటారు.

వీణమెట్టు
మెక్‌లాఫ్లిన్‌ను మరిచిపోలేదు. ఆయన మన సంగీతం కూర్చుని నేర్చుకున్నాడు, అందుకే వేరే పీట. ఆ గుంటల సంగతి మాత్రం నాకు ఇష్టం. వీణలో మెట్లు మైనం మీద ఎత్తుగా ఉంటాయి, వేలు చెక్కకు తగలదు, తీగను ఎంతైనా లాగవచ్చు. డీప్ పర్పుల్ రిచీ బ్లాక్‌మోర్ కూడా తన గిటార్ మెట్ల మధ్య చెక్కను అలాగే తొలిపించుకున్నాడు. ఆయన వాయించేది బాఖ్ వరసలు, మా గమకాలు కాదు. వడ్రంగి పని మాత్రం ఒకటే.

ఇంకొక మాట. ఇంతసేపటి చర్చలో ఒక్క ఆడమనిషి పేరు రాలేదు. గర్ల్‌స్కూల్ బృందంలో కెల్లీ జాన్సన్ సోలోలు విని చూడండి, తర్వాత మాట్లాడదాం.

పాతక్యాసెట్
విన్నాను. తల దించుకున్నాను. ఈ వారానికి గిల్మోర్‌కు సెలవు.

సగం_గిటారిస్టు
నాలుగు రోజులు ఇవన్నీ పెట్టుకుని విన్నాను. ఆదివారం బావమరిది మళ్ళీ వచ్చాడు, పరీక్ష పెట్టమన్నాను. ఏడు పాటలు పెట్టాడు.

మొదటిది: తీగ లాగాడు, నిలిచింది, తర్వాత ఊగింది. గిల్మోర్ అన్నాను. ఒప్పు. రెండోదాంట్లో మీటు వినపడలేదు, బెక్. ఒప్పు. మూడోది గిటార్ల బృందగానం, అది మా అబ్బాయి కూడా చెప్పాడు. నాలుగోది అయోమీ, బుజ్జి గారు చెప్పిన బండరాయి. ఐదో పాటకు పేజ్ అన్నాను, బ్లాక్‌మోర్ అట. ఆరోది నాప్‌ఫ్లర్, ఆ టక్కు దొరికిపోయింది. ఏడోది క్లాప్టన్ అన్నాను. పీటర్ గ్రీన్. మళ్ళీ! వీణమెట్టు గారూ, మౌనం కోసం చెవులు రిక్కించి కూర్చున్నాను, కానీ అదే సమయానికి మిక్సీ మోగింది.

అప్పుడు నా వంతు. రాత్రిబడి గారు చెప్పిన 1965 పాట మొదటి వరస మాత్రం పెట్టి, ఏ వాద్యమో చెప్పమన్నాను. వాడు కాలు మీద కాలేసుకుని “సితార్” అన్నాడు.

మా ఆవిడ ఈసారి తమ్ముడి వైపు తిరిగి నవ్వింది.

పెడల్_పిచ్చివాడు
అది ఫజ్ పెడల్. నా జన్మ ధన్యమైంది.

వీణమెట్టు
ఏడింట ఐదు బాగానే వచ్చాయి. గ్రీన్ కోసం “అల్బట్రాస్” వినండి, రాత్రి పదకొండు దాటాక. మిక్సీ ఉండదు.